ముసలి వేటకుక్కతో పిల్లల మొదటి వేట: ఏ జంతువునీ తరమకుండా ఎలా చేయాలి

ఇంట్లో వయసు మళ్ళిన వేటకుక్క ఉంది. తాతగారు దాన్ని వెంటేసుకుని తోటలూ తుప్పలూ తిరిగిన కబుర్లు విని విని ఏడెనిమిదేళ్ళ పిల్ల "నన్నూ ఒక్కసారి వేటకి తీసుకెళ్ళు" అని పట్టుబట్టింది. ఏం చేయాలి? విశాఖలో తెలిసినవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. అందుకే మేం చేసిన పద్ధతంతా ఒకచోట రాస్తున్నాను.

మాది జోనంగి, పేరు కర్రిగాడు. కొల్లేరు వైపు బాతుల్ని కాయడానికీ, వేటకీ పెంచే జాతి ఇది. మామూలు కుక్కలా మొరగదు, గొంతు సాగదీసి కూస్తుంది. గొయ్యి తవ్వుకుని అందులో పడుకుంటుంది. మా పాప మొదటి వేటకి వెళ్ళేనాటికి వాడికి పదకొండేళ్ళు. నల్లటి మూతి సున్నం అద్దినట్టు తెల్లబడింది, కళ్ళలో పొర వచ్చింది, వెనక కాళ్ళు పట్టేసేవి. ముక్కు మాత్రం చెక్కుచెదరలేదు. మిగతావన్నీ తగ్గాక కూడా చాలా కుక్కలకి ముక్కు పనిచేస్తూనే ఉంటుంది. ఈ వేట నడిచేది దాని మీదే.

ముందు ఒక మాట ఖచ్చితంగా చెప్పాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. చంపితేనే వేట అనుకోకండి. అడవి జంతువుని తరమడం, ఉచ్చు పెట్టడం, ఎర వేయడం, వీటికి ప్రయత్నించడం కూడా చట్టం దృష్టిలో వేటే. పక్షుల గుడ్లు, గూళ్ళు కదిలించడమూ అందులోకే వస్తుంది. "కుందేలే కదా, కుక్క సరదాగా పరిగెత్తింది" అనడానికి వీల్లేదు. కాబట్టి మనం చేసేది జాడ వేట. పెద్దవాళ్ళలో ఒకరు ముందే నేల మీద వాసన జాడ వేసి, చివర్లో మూట దాచిపెడతారు. కుక్క ముక్కుతో, పిల్ల కళ్ళతో వెతుక్కుంటూ వెళ్ళి దాన్ని పట్టుకుంటారు. వేటలో పిల్లలకి నచ్చేవన్నీ, అంటే తెల్లవారకుండా లేవడం, గుసగుసలాడడం, గుండె దడ, దొరికినప్పటి కేక, ఇందులోనూ ఉంటాయి.

కావలసినవి

- ఛాతీకి పట్టే హార్నెస్. మెడపట్టీకి తాడు కట్టొద్దు. ముసలి కుక్క మెడ మీద బరువు పడకూడదు.
- 5 మీటర్ల నూలు తాడు. నైలాన్ తాడు జారితే పిల్ల అరచేయి కోసుకుపోతుంది.
- పాత మేజోడు, పురికొస, ఉడికించిన కోడి కార్జం పావుకిలో. సగం మేజోడులోకి, సగం చివర్లో బహుమతికి.
- గుప్పెడు ముగ్గుపిండి, జాడ వేసేవాళ్ళు గుర్తులు పెట్టుకోవడానికి.
- రెండు లీటర్ల నీళ్ళు, వెడల్పాటి గిన్నె.
- దువ్వెన, ముల్లు తీసే పట్టకారు, పాత తువ్వాలు రెండు. ఒకటి తుడవడానికి, ఒకటి అవసరమైతే కుక్కని మోసుకురావడానికి.
- పిల్లకి మడమలు దాటే బూట్లు, పొడుగు ప్యాంటు, ఒక ఈల.
- పెద్దవాళ్ళు ఇద్దరు. ఒక్కరే ఉంటే ఆ రోజుకి మానేయండి. కుక్కకి ఏదైనా అయితే పిల్లని ఎవరు చూస్తారు?

ఎండు చేపలూ ఎండు రొయ్యలూ వాడొచ్చా అని మన విశాఖవాళ్ళు తప్పకుండా అడుగుతారు. మేజోడులో పెట్టి ఈడ్చడానికి బాగానే ఉంటాయి. కానీ ఉప్పు ఎక్కువ, కుక్కకి తినిపించొద్దు. కార్జమే మేలు.

వెళ్ళే ముందు వారం

పశువుల డాక్టరుకి ఒకసారి చూపించండి. గుండె, కీళ్ళు చూడమని అడగండి, రేబిస్ టీకా గడువు దాటలేదని తేల్చుకోండి. కుక్క నిద్రపోతున్నప్పుడు ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. 30 దాటుతుంటే వేట సంగతి తర్వాత, ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళండి. కాళ్ళు నొప్పులని ఇంట్లో ఉన్న పారాసిటమాలో, ఐబుప్రొఫెనో వేయకండి. మనకి పనిచేసే ఆ మాత్రలు కుక్కకి విషం.

ఇంట్లో సాధన కూడా ఈ వారంలోనే. మొదటిరోజు కార్జం ముక్క కుక్క చూస్తుండగా గిన్నె కింద పెట్టి "వెతుకు" అనండి. రెండోరోజు చూడకుండా పెట్టండి. తర్వాత వరండాలో పది అడుగుల జాడ. పిల్లే ఆ మాట చెప్పాలి, ఒకే మాట, ఒకే గొంతుతో. పాత వేటకుక్క దగ్గర "ఉస్కో" అనే మాట పిల్లల నోట రానివ్వకండి. ఎన్నేళ్ళైనా ఆ మాట కుక్క మర్చిపోదు. ఒక సాయంత్రం ఎవరో అలా అనగానే సరిగ్గా లేవలేని కర్రిగాడు గేటు దాకా ఉరికాడు.

ఇక పని

1. చోటు చూసుకోండి. ఆనందపురం, పద్మనాభం, భీమిలి వైపు తెలిసినవాళ్ళ జీడితోటో మామిడితోటో ఉంటే అంతకన్నా మంచి చోటు లేదు. యజమానిని అడగండి. యజమాని ఒప్పుకున్నాక కాపలా ఉండే మనిషినీ అడగండి, ఎందుకంటే తోటలో ఏముందో నిజంగా తెలిసింది ఆయనకే. మేం వెళ్ళిన తోటలో కాపలా తాత చేత్తో చూపించి చెప్పాడు: "అటేపు ఎల్లకండి బాబూ, పందులకని తీగ కట్టేరు." అడవిపందుల కోసం కొందరు కరెంటు తీగలు, ఉచ్చులు, నాటుబాంబులు కూడా పెడతారు. కార్జం వాసన పట్టిన కుక్క అలాంటి ఎర కనిపిస్తే ఆగదు. అనుమానం ఉన్న తోట వదిలేయండి.

కంబాలకొండ అభయారణ్యంలోకి కుక్కతో వెళ్ళొద్దు. ఆ కొండల్లో చిరుతలున్నాయి. అంచున ఉన్న తోటలకి వెళ్ళినా బాగా వెలుగు వచ్చాకే దిగండి. ఎర్రమట్టి దిబ్బలూ వద్దు. అవి కాపాడుకోవలసిన దిబ్బలు, తవ్వే అలవాటున్న కుక్కకి అక్కడ పనిలేదు.

2. వేళ చూసుకోండి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. సూర్యోదయం ఆరున్నరకి కాస్త అటూ ఇటూగా ఉంటుంది, వెలుగు రాగానే మొదలుపెట్టి ఎనిమిదికల్లా ఇంటిదారి పట్టాలి. మంచు తడి ఉన్న నేల వాసనని పట్టి ఉంచుతుంది. ఎండెక్కితే జాడ ఆరిపోతుంది, కుక్క అలిసిపోతుంది. మన ఉక్కపోతలో ఏప్రిల్, మే నెలల సంగతి తలపెట్టకండి. దీపావళి నుంచి నాగులచవితి దాకా ఉన్న రోజులు కూడా మానేయండి. టపాసులకి ముసలి కుక్క బెదిరిపోతుంది, చవితినాడు పుట్టల దగ్గర జనం ఉంటారు.

3. జాడ వేయండి. ఇది రెండో పెద్దమనిషి పని. పిల్లకీ కుక్కకీ కనబడకూడదు. బయల్దేరే చోట మేజోడుని నేలకి గట్టిగా నాలుగుసార్లు రుద్ది, పురికొసతో ఈడ్చుకుంటూ నడవాలి. మొదటి జాడ 100 అడుగులు చాలు (నడిచే అడుగులు). 60 దగ్గర ఒకే ఒక్క మలుపు, అదీ మెల్లగా తిరగాలి. మలుపు దగ్గర చెట్టు మొదట్లో ముగ్గుపిండితో చిన్న చుక్క పెట్టండి. అది కుక్కకి కాదు, తర్వాత ఎక్కడ తప్పిందో మనం చూసుకోవడానికి. చివర్లో మూట పెట్టి, వచ్చిన దారిన కాకుండా దూరంగా చుట్టు తిరిగి వెనక్కి రండి. అదే దారిలో వస్తే రెండు వాసనలు కలిసిపోతాయి.

మూట దాచే చోటు జాగ్రత్త. పుట్ట దగ్గర, రాళ్ళ సందున, ఎండాకుల కుప్పలో దాచొద్దు. జీడాకుల్లో రక్తపింజర పడుకుంటే పక్కనే నిలబడ్డా కనబడదు. నేల శుభ్రంగా కనిపించే చెట్టు మొదట్లో, పైకి సగం తేలేలా పెట్టండి.

జాడ వేశాక 15 నిమిషాలు ఆగండి. ఈలోగా గుప్పెడు పొడిమట్టి నడుం ఎత్తునుంచి వదిలి గాలి ఎటుందో పిల్లకి చూపించండి. మన తీరాన తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది, పొద్దెక్కాక అటునుంచి ఇటు తిరుగుతుంది. ముసలి కుక్కకి తేలిక కావాలంటే ఎదురుగాలి ఉండేలా జాడ వేయండి, మూట వాసన గాలిలోనే వస్తుంది. నేల మీద ముక్కు పెట్టి వెతకడం చూడాలంటే గాలి వెనకనుంచి ఉండాలి. మొదటిసారికి ఎదురుగాలే మంచిది.

4. ఎవరి పని ఏంటో చెప్పండి. తాడు మొదటి భాగం పిల్ల చేతిలో, చివర మీ చేతిలో. తాడు పిల్ల మణికట్టుకి చుట్టకూడదు. పిల్ల ఎప్పుడూ కుక్క వెనకే నడవాలి. తలా తోకా చూడాలి, మాట్లాడకూడదు. ఏడేళ్ళ పిల్లకి ఇది కష్టమే, కానీ పది నిమిషాలు మాత్రమే.

5. వదలండి. రుద్దిన చోట కుక్కని నిలబెట్టి, అది వాసన చూసి తనంతట తాను తల ఎత్తేదాకా ఆగండి. అప్పుడు పిల్ల "వెతుకు" అనాలి. ఒక్కసారే.

6. వెంట నడవండి. ఇక్కడ చూడడానికి చాలా ఉంది, తొందరపడకండి. మాకు మొదటిసారి మలుపు దగ్గర కర్రిగాడు ఆగిపోయాడు. ముందుకాలు ఒకటి పైకెత్తి పట్టుకున్నాడు, దించలేదు. తెల్లబడిన మూతి నేలకి అంగుళం ఎత్తులో ఉంది. ముక్కు పక్కనున్న సన్నటి చీలికలు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి, ముందున్న ఎండుగడ్డి పోచ ఒకటి వాడి ఊపిరికి వణుకుతోంది. "ఎందుకాగిపోయాడు నాన్నా?" అని పాప నా చెయ్యి గిల్లింది. ఆలోచిస్తున్నాడని చెప్పాను. అర నిమిషం గడిచింది. కాలు దించి కుడివైపు తిరిగాడు, తోక నిటారుగా లేచింది. అక్కడే చెట్టు మొదట్లో ముగ్గు చుక్క. పాప అది చూసి రెండు చేతులతో నోరు మూసుకుంది.

దారిలో ఇసుక మేట కనిపిస్తే ఆగి జాడలు చూపించండి. కుందేలు దూకితే పెద్దగా ఉండే రెండు వెనకకాళ్ళ గుర్తులు ముందు పడతాయి, చిన్న ముందుకాళ్ళవి వాటి వెనక ఉంటాయి. పిల్లి అడుగులో గోళ్ళు కనబడవు, కుక్క అడుగులో కనిపిస్తాయి. ముంగిసకి ఐదు వేళ్ళు. ఇంతకన్నా పాఠం చెప్పకండి. నిజం కుందేలే లేచిందనుకోండి, తాడు మీ చేతికి తీసుకుని కుక్కని కూర్చోబెట్టండి. అది కనుమరుగయ్యేదాకా ముగ్గురూ కదలకుండా చూడండి. పిల్లకి ఆ రోజంతటికీ అదే గుర్తుండిపోవచ్చు.

7. జాడ తప్పితే. కుక్క చుట్టూ తిరుగుతుంటే రెండు నిమిషాలు వదిలేయండి. అప్పటికీ పట్టకపోతే చివరిసారి గట్టిగా పట్టిన చోటికి తీసుకొచ్చి మళ్ళీ "వెతుకు". రెండోసారీ కాకపోతే, పిల్ల ముగ్గు చుక్క వెతుకుతుంది, ఈసారి దారి కుక్కకి పిల్లే చూపిస్తుంది. దాన్ని ఓటమిలా మాట్లాడొద్దు.

8. దొరికాక. మూట దగ్గరికి కుక్క ముందు వెళ్ళాలి. కార్జం అక్కడే, అప్పుడే, కుక్కకి పెట్టాలి. పిల్ల అరచేయి చాపి పెట్టాలి, వేళ్ళతో పట్టుకుని కాదు. పిల్ల కోసం మూటలో ఏదైనా చిన్నది ఉంచండి. మేం తాతగారి పాత ఇత్తడి గంట పెట్టాం, ఒకప్పుడు మా వేటకుక్కల మెడలో కట్టేవాళ్ళు దాన్ని. తర్వాత నీళ్ళు, పదిహేను నిమిషాలు నీడలో విశ్రాంతి, ఇంటికి. "ఇంకోసారి" అని పిల్ల ఎంత ఏడ్చినా ఆ రోజుకి అంతే.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

జాడ మరీ పొడుగు వేయడం. ఇది నేనూ చేశాను. రెండోసారి, ఫిబ్రవరి చివర్లో, మొదటిసారి బాగా వచ్చిందని 400 అడుగులు వేశాను. సగం దారిలో ఎండెక్కింది. కర్రిగాడు ఆగలేదు, ఈ కుక్కలు ఆగవు, మనసు పడితే కాళ్ళు చెప్పేది వినవు. మూట పట్టాడు, కార్జం ముట్టకుండా జీడిచెట్టు కింద పడుకున్నాడు. నాలుక పక్కకి వేలాడింది, చిగుళ్ళు ముదురు ఎరుపయ్యాయి. పొట్టా గజ్జలూ తడిపి, తువ్వాల్లో పెట్టి ఇద్దరం మోసుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తాం. బతికాడు. పాప రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఎంత దూరమనేది కుక్క కాళ్ళని చూసి నిర్ణయించండి, ఉత్సాహాన్ని చూసి కాదు.

జాడ వేసినవాళ్ళే కుక్క పక్కన నడవడం. కుక్క నేలని వదిలేసి మీ మొహం చూస్తుంది. మలుపు దగ్గర మీరు తెలియకుండానే నెమ్మదిస్తారు, దానికి అది చాలు. వేసినవాళ్ళు ఇరవై అడుగులు వెనక ఉండాలి.

పేరు పెట్టి పదే పదే పిలవడం. ప్రతి పిలుపుకీ తల ఎత్తుతుంది, వాసన తెగుతుంది.

కడుపు నిండా పెట్టి తీసుకెళ్ళడం. రెండు గంటల ముందు కొంచెం తినిపిస్తే చాలు.

ఇంట్లో ఉన్న కుర్రకుక్కని కూడా తీసుకెళ్ళడం. ముసలిది దాని వెంట పరిగెత్తి నడుం పట్టేసుకుంటుంది. ఈ రోజు ముసలిదానిదే.

వచ్చాక చూడాల్సినవి

కుక్కని: చిగురు మీద వేలితో నొక్కి వదలండి, తెల్లబడిన చోటు 2 సెకన్లలోపు గులాబీ రంగుకి రావాలి. కాలి వేళ్ళ సందులు ఒక్కొక్కటీ విప్పి పల్లేరుకాయలూ తుమ్మముళ్ళూ చూడండి. చెవుల లోపల, చంకల్లో, తోక కింద గోమార్లు వెతికి పట్టకారుతో మొదలు దగ్గర పట్టి నిటారుగా లాగండి, నలపకండి. మర్నాడు పొద్దున లేచేటప్పుడు ఎన్ని అడుగులు కుంటిందో లెక్కపెట్టండి. నాలుగైదు అడుగుల్లో సర్దుకుంటే దూరం సరిపోయినట్టు. మధ్యాహ్నం దాకా కుంటుతుంటే తర్వాతి జాడ సగానికి తగ్గించండి. తిండి మానేస్తే డాక్టరుకి చూపించండి.

పిల్లని: మెడ వెనక, మోకాళ్ళ వెనక గోమార్లు చూడండి. కుక్క పన్నో గోరో గీరుకుంటే, మన కుక్కే కదా అనుకోకుండా, సబ్బుతో పావుగంట కడిగి ఆసుపత్రికి వెళ్ళండి. పాము కాటేస్తే కోయడం, తాడు బిగించడం, నాటుమందు ఏదీ వద్దు. కాటు పడిన కాలు కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి, కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రికి చేర్చండి.

వేట ఎలా జరిగిందో తెలుసుకోవడానికి ఆ సాయంత్రం పిల్ల చేత దారి బొమ్మ గీయించండి. మలుపు ఎక్కడ, కుక్క ఎక్కడ ఆగింది, తోక ఎప్పుడు లేచింది గీయగలిగితే పిల్ల నిజంగా చూసినట్టే. మూట మాత్రమే గీస్తే ఈసారి ఇంకా చిన్న జాడ వేసి, ఇంకా నెమ్మదిగా నడవండి.

తోట లేనివాళ్ళకి

అపార్ట్‌మెంట్ మేడ మీద కూడా చేయొచ్చు, పొద్దున్నే, నేల చల్లగా ఉన్నప్పుడు. మీ అరచేతి వెనకవైపు ఏడు సెకన్లు ఆనించి ఉంచగలిగితే కుక్క కాళ్ళకీ ఫరవాలేదు.

బీచ్ అయితే ఒక షరతు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిపూట వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. తవ్వే కుక్కకి ఆ వాసన చాలు. ఆ నెలల్లో కుక్కని ఇసుకలోకి దింపకండి. పిల్లని విడిగా తీసుకెళ్ళండి. నీళ్ళనుంచి పైకి ట్రాక్టర్ టైరు పోయినట్టు జాడ కనిపిస్తే, దగ్గరికి పోకుండా అటవీశాఖవాళ్ళకి చెప్పండి. వాళ్ళు గుడ్లని హేచరీకి చేరుస్తారు.

ముధోల్ (దీన్నే కారవాన్ అని కూడా అంటారు), రాజపాళయం లాంటివి చూపుతో వేటాడే జాతులు. ముక్కు మీద అంత ఆధారపడవు. వాటికి జాడ 40 అడుగులు చాలు, మేజోడు ఇంకాస్త తడిగా ఉండాలి, మూట కనబడే చోటే పెట్టండి.

ఇక అసలు నడవలేని కుక్కకి మూడు గిన్నెలు చాలు. కర్రిగాడికి ఇప్పుడు పదమూడు. పోయిన వానాకాలం నుంచి తోటకి రావడం లేదు. సాయంత్రం పాప వరండాలో వాడి ముందు మూడు గిన్నెలు బోర్లించి, ఒకదాని కింద కార్జం ముక్క పెట్టి, "వెతుకు" అంటుంది. వాడు లేవడు. పడుకున్నచోటే మెడ చాపి, మూడింటి మీదా ఊపిరి వదిలి, ఒకదాన్ని మూతితో తోస్తాడు. గిన్నెలు ఇత్తడివి కాకుండా తేలికపాటి ప్లాస్టిక్‌వి తీసుకోండి, తోయడానికి మెడ నొప్పి పుట్టకూడదు.